ఇంటనున్న సంఘము

అపొస్తలుడైన పౌలు తన పత్రికలలో రెండు చోట్ల అకుల, ప్రిస్కిల్ల యను దంపతులను, వారి యింటనున్న సంఘమును స్మరించియున్నాడు. అకుల పొంతు దేశమున పుట్టిన యూదుడు. భార్యతో రోమాపురిలో కాపురముండగా, యూదులందరు ఆ పట్టణమును విడిచిపోవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించెను. వారు కొరింథునకు వచ్చిరి. అటుపిమ్మట ఎఫెసునకు పోయిరి. డేరాలు కుట్టుట వారి వృత్తి. చేతిపనియు, ప్రార్థనయు వారితోనే ప్రయాణము చేసినవి. వారు నిలిచిన తావున వారి యిల్లే దేవాలయమైనది.

కూటికొరకు ఊరు విడిచి, పరభాషల నడుమ పొయ్యి రాజేసికొన్న తాతల సంతతివారమైన మనకు ఈ దంపతుల కథ దూరపు కథ కాదు. నేను కోలారు బంగారు గనుల ప్రాంతమున ఒక తెలుగు సంఘమునకు ముప్పది యేండ్లకు పైగా కాపరిగా నుండి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడను. వేదాంత చర్చకు ఇది తగిన చోటు కాదు. ఒక కుటుంబము దినమున కొక్కసారి కూడి దేవుని యెదుట కూర్చుండుట వలన కలుగు మేలును గూర్చి, నా యనుభవములోని నాలుగు సంగతులు మాత్రము మనవి చేసెదను. ఇతర మతములకు చెందిన సోదరులును వీనిలో తమ యింటి పోలిక చూడగలరని నా నమ్మకము.

1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఈ గనులలో పని ప్రారంభించిన తరువాత తమిళులు, తెలుగువారు, కన్నడిగులు వేలకొలది ఇచ్చటికి వచ్చి చేరిరి. 1902లో శివనసముద్రపు జలపాతము నుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. చాంపియన్ రీఫ్ గని కాలక్రమమున మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. మా తాత నెల్లూరు సీమ నుండి ఒక బట్టల మూట, ఒక బైబిలు, ఒక కీర్తనల పుస్తకము తీసికొని ఇచ్చటికి వచ్చినవాడు. మా నాయనయు గనిలోనే పనిచేసెను. లైనులో మా యిల్లు ఒకే గది. గోడలు వెదురు తడికెలు. ఈ యింటిలో దగ్గినచో ఆ యింటివారు మంచినీళ్లు తెచ్చి యిచ్చునంత దగ్గర.

గనిపని మూడు షిఫ్టులు. ఒక వారము పగలు, ఒక వారము మధ్యాహ్నము, ఒక వారము రాత్రి. ఇట్టి యింటిలో కుటుంబ ప్రార్థనకు ఒక వేళ కుదురుట యెట్లు? మా అమ్మ దానికొక నియమము చేసెను. నాయన యెప్పుడు పనికి బయలుదేరునో అదియే ప్రార్థన వేళ. గని కూతయే మాకు గడియారము, గుడిగంటయు. అన్నపు క్యారియరు గడపవద్ద పెట్టి, అందరము చాపమీద కూర్చుండువారము. ఒక దావీదు కీర్తన చదువుట, ఒక పాట పాడుట, అమ్మగాని నాయనగాని ప్రార్థించుట, కడపట ప్రభువు నేర్పిన ప్రార్థన అందరము కలిసి చెప్పుట, ఇంతే. పావుగంటకు మించినది కాదు. తరువాత నాయన లేచి, మా తలల మీద చేయి వేసి వెళ్లిపోవును.

నాయన రాత్రి షిఫ్టుకు పోవు వారములో అమ్మ తరచుగా నూట ముప్పదియవ కీర్తననే చదివించెడిది. అగాధములలో నుండి దేవునికి మొరపెట్టు భక్తుని కీర్తన యది. తక్కిన ప్రపంచమునకు ఆ అగాధము ఒక అలంకారము కావచ్చును. మాకు మాత్రము కేజి యను ఇనుప పెట్టెలో నిలువబడి మా నాయన నిజముగా దిగిపోవు చోటు. తెల్లవారుజామున కావలివారు ఉదయము కొరకు కనిపెట్టుటను గూర్చిన మాటలు ఆ కీర్తనలో నున్నవి. వానికి నేను ఏ వ్యాఖ్యానమును చదువనక్కరలేకపోయినది. కూత వినబడిన పిమ్మట అమ్మ వాకిట నిలిచి వీధి మొగను చూచుచుండుటయే ఆ వ్యాఖ్యానము.

ప్రక్క యింటివారు హిందువులు. ఆ యమ్మ సంజవేళ తులసికోట యొద్ద దీపము పెట్టి, తడిక అవతలి నుండి మా ప్రార్థన వినుచుండెడిది. "వదినా, మాయన పేరు గూడ చెప్పమ్మా" అని యొకనాడు అడిగెను. ఆ నాటి నుండి అమ్మ ప్రార్థనలో ఆయన పేరు నాయన పేరు వెంటనే వచ్చెడిది. ఆ యమ్మ తన దీపమును మానలేదు. మా అమ్మ తన ప్రార్థనను మానలేదు. ఇద్దరి మగవారును ఒకే కేజిలో దిగి, ఒకే కేజిలో పైకి వచ్చుచుండిరి.

మా అమ్మ బడికి పోయినది కాదు. ఆమెకు తెలుగు అక్షరములు వచ్చినది బైబిలు మూలముననే. మా లైనులో తెలుగు బడి దొరకని పిల్లలకు కూడ అదియే పెద్దబాలశిక్ష. బజారులో తమిళము, కచ్చేరిలో కన్నడము, గని కాగితములలో ఇంగ్లీషు. ఇన్నిటి నడుమ రోజున కొక పావుగంట శుద్ధమైన తెలుగు చెవిన పడినది ఆ చాపమీదనే. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన మిషనరీలు, వారికి తోడైన తెలుగు పండితులు శ్రమపడి అనువదించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. 1818లో క్రొత్త నిబంధన వెలువడినది. ఆనాడు వారు నాటిన మొక్క నీడ ఎంత దూరము ప్రాకినదో మా వెదురు తడికెల యింటి యందు చూడవలసినది.

మన కీర్తనల కథ ఇంతకన్న చిత్రమైనది. తెలుగు క్రైస్తవులు నేటికిని కన్నీటితో పాడుకొను పాటలు అనేకము రచించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) వంగదేశము నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబమున జన్మించినవారు. బాప్తిస్మము పొందినది 1833లో ఒరిస్సాలోని కటకమున. ఇక 1912లో దోర్నకల్లు బిషప్పుగా నియమితులైన అజరయ్యగారు తిరునల్వేలి సీమ తమిళులు. తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో తిరిగి, తెలుగువారి నడుమనే 1945లో కన్నుమూసిరి. ఒకరి తాతలు వంగీయులు, ఒకరి మాతృభాష తమిళము. భాష రక్తముతో వచ్చునది మాత్రమే కాదనియు, ప్రేమతో అలవరచుకొనువారికి అది సొంతమగుననియు చెప్పుటకు ఈ ఇరువురి జీవితములు చాలును. ఈ మాట నా యింటనే మరల నాకు అవసరమగునని అప్పుడు నేను ఎరుగను.

2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. కూత ఆగిపోయినది. దానితో మా సంఘములోని యిండ్లలో ప్రార్థన వేళయు చెదిరినది. అంతకు ముందు గని మనుష్యుని ఎనిమిది గంటలు మాత్రము తీసికొని తిరిగి యింటికి పంపెడిది. ఇప్పుడు బెంగుళూరు రైలు తెల్లవారక మునుపే తీసికొనిపోయి, పిల్లలు నిదురించిన తరువాత తెచ్చి దింపుచున్నది. మారికుప్పములో రైలెక్కు తండ్రుల ముఖములు పిల్లలకు ఆదివారము నాడే కనబడును. నేను ఇండ్లకు పోయినప్పుడు, "అయ్యగారూ, ప్రార్థనకు అందరము ఒక్కచోట ఉండేది ఎక్కడ?" అని తల్లులు అడిగెడివారు.

ఆ ప్రశ్నకు ఉత్తరము నాకు ఒక కూలివాని యింట దొరకినది. అతడు బెంగుళూరులో కట్టడపు పనికి పోవుచుండెను. వేకువన మూడున్నరకు లేచి, చీకటిలో తడవుకొనుచు, నిదురించు ముగ్గురు బిడ్డల తలల మీద ఒక్కొక్కరికి చేయి వేసి, పేరు పెట్టి, ఒక్కొక్క వాక్యము ప్రార్థించి బయలుదేరెడివాడు. పెద్ద పిల్ల నిదుర నటించుచు తన వంతు కొరకు కాచుకొని యుండునట. "నాయన చెయ్యి పడితే గాని నాకు తెల్లవారదు" అని ఆ బిడ్డ నాతో చెప్పెను. ఎన్ని ప్రసంగములు చేసినను కుటుంబ ప్రార్థన యననేమో నేను ఇంత చక్కగా చెప్పజాలను.

ఇక నా యింటి సంగతి. నా భార్య 2016లో ప్రభువునందు నిద్రించెను. సంఘములోని వారందరు ఆమెను "అమ్మగారు" అనిరి. ఆమె యా పేరునకు తగియుండెను. వందలకొలది సమాధి కార్యక్రమములు జరిపించిన వాడను నేను. దుఃఖించువారికి చెప్పవలసిన మాటలు నా నోట నిత్యము నుండునవే. ఆమెను మట్టికి అప్పగించి యింటికి వచ్చిన ఆ సాయంకాలము, ప్రార్థనకు చాప పరచినప్పుడు నా నోట ఒక్క మాటయు రాలేదు. నాలుక అంగిటికి అంటుకొన్నట్లుండెను. దేవుడు లేడనిపించలేదు, ఉన్నాడని తెలియును, కాని ఆయనతో మాటాడుటకు నాయొద్ద ఏమియు మిగులలేదు.

అప్పుడు నా కోడలు ప్రార్థన నెత్తుకొనెను. ఆమె పుట్టినిల్లు కన్నడము. మాతో తెలుగు మాటాడునుగాని, దుఃఖము వచ్చినప్పుడు మనుష్యుడు తల్లి భాషకే పోవును గదా! ఆమె కన్నడములోనే తన అత్తను గూర్చి దేవునికి చెప్పుకొని యేడ్చెను. తరువాత తొమ్మిదేండ్ల మనుమరాలు ఒక నోటు పుస్తకము తెచ్చి, చౌదరిగారి కీర్తన యొకటి పాడసాగెను. ఆ పిల్లకు తెలుగు చదువరాదు. వాళ్ల అవ్వ దినమున కొక చరణము చొప్పున పాడి వినిపించగా, కన్నడ అక్షరములలో వ్రాసికొన్నది. మాట తెలుగు, లిపి కన్నడము. రెండవ చరణము చివర నా భార్య ఒకచోట కొంచెము సాగదీసి పాడెడి అలవాటు కలదు. ఆ పుస్తకములో లేని ఆ సాగదీత యంతయు ఆ పిల్ల గొంతులో నుండెను.

తరువాత కొన్ని వారములు నేను స్వయముగా ప్రార్థన చేయలేదు. వారు చేయుచుండిరి, నేను ఆమేన్ అనుచుంటిని. ఆమేన్ అనుటయు ప్రార్థనయేనని అప్పుడు నాకు తెలిసినది. పక్షవాయువు గల యొకనిని నలుగురు మోసికొని, ఇంటి కప్పు విప్పి ప్రభువు నొద్దకు దింపిన సంగతి మార్కు సువార్తలో కలదు. అచ్చట ప్రభువు చూచినది మోసినవారి విశ్వాసమును. మంచము మీద నున్నవాడు ఏమి నమ్మెనో ఆ చోట వ్రాయబడలేదు. ఈ సంగతిని ఎన్నో మారులు ప్రసంగించితిని, మోయువారిలో ఒకనినని తలంచుచు. ఆ దినములలో నేను మంచము మీదివాడను. కన్నడపు కోడలును, తొమ్మిదేండ్ల బిడ్డయు, మాట తక్కువవాడైన నా కుమారుడును నన్ను మోసిరి. మా అమ్మ చాప మీద పొందిన విశ్వాసమును సంఘమునకు పంచితిని. అది తిరిగి ఆ చాప మీదనే నాకు దొరికినది.

పౌలు తన శిష్యుడైన తిమోతికి వ్రాయుచు, అతని విశ్వాసము మొదట లోయి యందును, తల్లియైన యునీకే యందును ఉండెనని జ్ఞాపకము చేయుచున్నాడు. లోయిని మన తెలుగు బైబిలు "అవ్వ" యనియే పిలిచినది. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. రెండు భాషల యిల్లది. అట్టి యింటి నుండియే ఒక సంఘకాపరి వచ్చెను.

కావున పిల్లలు తెలుగులో ప్రార్థించుట లేదని విచారించు పెద్దలకు నా మనవి యిది. ప్రార్థన బిడ్డ యే భాషలో ఆలోచించునో ఆ భాషలో రానిండు, దానిని దిద్దబూనకుడు. పాట మాత్రము మీరు తెలుగులో పాడుడు, మానకుడు. పట్టుపట్టి నేర్పినది పరీక్ష వరకు నిలుచును. ఒడిలో కూర్చుండి విన్నది కడవరకు నిలుచును. ప్రార్థన వేళను ప్రసంగ వేళగాను, పిల్లల తప్పులు లెక్కించు వేళగాను చేయకుడు. భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాటలు మానియున్న దినమున, ముందు మాట కలుపుకొని తరువాత మోకరింపుడు. ఒక్కచోట చేర వీలులేనివారు ఒక్క వేళనైన నిర్ణయించుకొనుడు. ఇప్పుడు చేతిలో ఫోను లేనివారు లేరు. దూరమున నున్న కుమారుని గొంతు దానిలో వినబడినను ఆ యింటి ప్రార్థన నిండినదే. ఇరుగుపొరుగువారి పేరు ఒక్కటి దినమునకు చేర్చుకొనుడు.

నా మనుమరాలు ఇప్పుడు కళాశాలలో చదువుచున్నది. ఆ నోటు పుస్తకమునకు అట్ట మారినది, మరి కొన్ని పాటలు చేరినవి. కన్నడ అక్షరముల ప్రక్క తెలుగు అక్షరములు వ్రాసికొనుటకు తానే మొదలుపెట్టినది. రెండు లిపులును అక్కచెల్లెండ్ర వంటివి గనుక కష్టము లేదని నవ్వుచున్నది. ఈ సంచికను చేతబట్టిన ప్రతి యింటను, ఏ పేరున దేవుని పిలుచుకొన్నను, దినమున కొక పావుగంట అందరు ఒక్క చాప మీద కూర్చుండు భాగ్యము కలుగునుగాక.