మద్దెల ఓడేనా?

ఆడలేక మద్దెల ఓడు అన్నదట ఒకతె. ఈ సామెత మనమందరము విన్నదే. ఇతరులను ఎగతాళి చేయుటకు అనేక పర్యాయములు వాడినదే. అది నన్ను గూర్చియే పుట్టినదేమో యని నాకు తోచిన దినమొకటి కలదు. ఆ దినపు కథ చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది నెల్లూరు జిల్లాలోని మనుబోలు. నెల్లూరునుండి గూడూరునకు పోవు రహదారిమీద, రైలుమార్గముమీద ఉన్న ఊరు. చుట్టును వరిచేలు. శ్రీహరికోట మాకు ఆగ్నేయదిశయందున్నది. అక్కడనుండి రాకెట్టు ఎగురునాడు మా ఊరివారు మిద్దెలెక్కి ఆకాశమువైపు చూచుచుందురు. చెట్ల తలలమీదుగా ఒక నిప్పుచుక్క లేచి, వెనుక తెల్లని చారను విడిచి, సముద్రము మీదికి ఒరగిపోవును. చిన్ననాటినుండి దానిని చూచి చూచి నాకు ఎగురుటయందు ఆశ పుట్టినది.

2017వ సంవత్సరము వేసవి సెలవులలో మా నాయన నెల్లూరులో ఒకరు వాడి విడిచిన కంప్యూటరును, దానితోపాటు ఒక జాయ్‌స్టిక్కును కొని తెచ్చిరి. కంప్యూటరు నా చదువునకు. జాయ్‌స్టిక్కు నా పోరు పడలేక. దానికై మా అమ్మ పెరటి గేదె పాలడబ్బులలోనుండి కొంత ఇచ్చినది. అందుచేత ఆ పిడిని పట్టుకొనినపుడెల్ల నాకు కొంచెము గర్వము, కొంచెము భయము కలుగుచుండెను.

నేను నేర్వబూనినది డీసీఎస్ వరల్డ్ అను యుద్ధవిమాన సిమ్యులేటరు. సిమ్యులేటరనగా నిజమైన యంత్రము నడచు తీరును అనుకరించునది. సాధారణమైన ఆటలలో ఒక మీట నొక్కిన చాలును, విమానము ఎగిరిపోవును. ఇందులో అట్లు కాదు. ఇంధనపు కవాటమును తెరువవలెను, పంపును నడుపవలెను, మాగ్నెటోలను కలుపవలెను, తరువాతనే స్టార్టరును ముట్టవలెను. ఒక్కటి మరచినను ఇంజను పలుకదు. ఉచితముగా లభించు విమానములలో రెండవ ప్రపంచయుద్ధకాలపు ముస్టాంగునకు శిక్షణరూపమైన టీఎఫ్-51డీ ఒకటి. దానికి తుపాకులు లేవు. ఎగురుట నేర్చినవానికే తుపాకి అని నాకు నేనే నియమము పెట్టుకొంటిని.

ఈ విధమైన విద్య క్రొత్తది కాదు. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ నగరమున ఆర్గను వాద్యములను చేయు కుటుంబములో పెరిగిన ఎడ్విన్ లింక్ అను యువకుడు 1929లో నేలమీదనే ఉండి విమానమువలె ఒరగు ఒక పెట్టెను నిర్మించెను. మన హార్మోనియములో వలె అందులోను గాలితిత్తులుండెను. మొదట దానిని చాలమంది సంతలోని వినోదముగానే చూచిరి. 1934లో అమెరికా సైన్యమునకు తపాలాను విమానములలో మోయు పని పడినది. మంచులో, చీకటిలో దారి తెలియక పలువురు పైలట్లు మరణించిరి. అప్పుడు సైన్యము మేలుకొని లింక్ పెట్టెలను ఆరింటిని కొనెను. రెండవ ప్రపంచయుద్ధములో లక్షలకొలది మంది వానియందే అభ్యసించిరి. నేలమీద చేసిన తప్పు ప్రాణము తీయదు. కావున తప్పులన్నియు నేలమీదనే చేసి ముగింపవలెనన్నదే ఆ పెట్టె ఉద్దేశము.

ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. తప్పు చేయుట నాకు అవమానముగానే తోచుచుండెను.

ఇంజనును పలికించుటకే నాకు నాలుగు దినములు పట్టినది. అయిదవనాడు విమానమును నల్లసముద్రపు ఒడ్డుననున్న బటూమి రన్‌వే మీద నిలిపితిని. చెన్నపట్టణపు విమానాశ్రయమునైనను చూడని నేను ఆ రన్‌వే గడ్డిపరకలతో సహా ఎరుగుదును. థ్రాటిలును ముందునకు త్రోసితిని. ఇంజను గర్జించెను, విమానము పరుగెత్తెను, పట్టుమని పది క్షణములు గడువకముందే ఎడమవైపునకు తిరిగి, గడ్డిలోనికి దూకి, రెక్క విరిగి బోర్లపడెను. మరల ప్రారంభించితిని, మరల ఎడమకే. ఆ సాయంకాలములోగా పదునేడు పర్యాయములు పడితిని. పదునేడును ఎడమవైపే. నేర్చుకొనువారికి తోడ్పడు సవరణలు ఆ సిమ్యులేటరులో కలవు; అవి చిన్నపిల్లల కొరకని తలచి వానిని ముందే తీసివేసి యుంటిని.

నా లెక్కకు కారణము స్పష్టముగా నుండెను: జాయ్‌స్టిక్కు చెడినది. ఎవరు చెరిపిరి? మా చిన్నాయన కొడుకు, తొమ్మిదేండ్లవాడు, అంతకుముందు రోజు మధ్యాహ్నము నేను లేనప్పుడు దాని దగ్గర నిలిచియుండగా మా అమ్మ చూచినది. ఇంకేమి కావలెను? వానిని పిలిచి, "ఏమి చేసితివిరా దీనిని?" అని అడిగితిని. వాడు "నేనేమియు చేయలేదన్నా" అనెను. అబద్ధమాడుచున్నాడని చెంపమీద కొట్టితిని. వాడు ఏడ్వలేదు. నావైపొకసారి చూచి, తలవంచుకొని వెడలిపోయెను. ఆ చూపు నాకు ఈనాటికిని జ్ఞాపకమున్నది.

ఆ రాత్రి మా మామయ్య వచ్చెను. ఆయన రైతుల బావిమోటార్లను బాగుచేయువాడు. విమానమును గూర్చి ఆయనకేమియు తెలియదు. నా ఫిర్యాదునంతయు విని, నవ్వక, ఇట్లనెను:

"అబ్బాయా, మోటారు కాలిపోయినదని రైతు పరుగెత్తుకొని వచ్చును. నేను మోటారును విప్పను. ముందు ఫ్యూజు చూతును. తరువాత స్టార్టరు చూతును. మూడు ఫేజులును వచ్చుచున్నవో లేవో చూతును. పదింట ఆరు సారులు మోటారు చల్లగానే యుండును. నీవు ఏమేమి చూచితివి?"

నేను చూచినదేమియు లేదు. కొట్టినది మాత్రమున్నది. ఆ మాట చెప్పలేదు.

"సరే, ఆ పిడిని ఊడదీసి, అది లేకుండ నడుపుము" అనెను మామయ్య.

జాయ్‌స్టిక్కు తీగను పెరికి, కీబోర్డు మీటలతోనే విమానమును పరుగెత్తించితిని. అది ఎడమకు తిరిగెను, గడ్డిలో పడెను. నా గుండె జల్లుమనెను. పిడి లేనప్పుడును విమానము ఎడమకే పోయినచో, దోషము పిడిది కాదు. పిడిది కానప్పుడు ఆ పిల్లవానిది ఎట్లగును?

ఆ రాత్రి సిమ్యులేటరుతో వచ్చిన గ్రంథమును తెరచి, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని చదివితిని. కారణము అందులోనే యున్నది. ముస్టాంగు ప్రొపెల్లరు 11 అడుగులకు మించిన వెడల్పు గలది. దానిని త్రిప్పు ఇంజను శక్తి సుమారు 1,500 అశ్వములు. కూర్చున్నవానికి అది కుడివైపునకు తిరుగుచున్నట్లు కనబడును. దానికి ప్రతిక్రియగా విమానదేహము ఎడమకు ఒరగజూచును. అంతియే కాదు, ప్రొపెల్లరు వెనుకకు త్రోయు గాలి మరమేకువలె మెలితిరిగి వచ్చి తోకను ఎడమప్రక్కన కొట్టును. తోక కుడికి జరిగిన ముక్కు ఎడమకు పోవును. కనుక పైలటు పరుగునకు ముందే తోకనున్న చుక్కానిని 6 డిగ్రీలు కుడికి సవరించి ఉంచవలెను. కర్రను వెనుకకు పట్టి తోకచక్రమును బిగువుగా నిలుపవలెను. థ్రాటిలును మెల్లగా తెరచుచు, కుడికాలితో అవసరమైనంత నొక్కవలెను. విమానము చెడిపోలేదు. నిజమైన ముస్టాంగు ఎట్లు ప్రవర్తించునో అట్లే అది ప్రవర్తించినది. యంత్రము సత్యము చెప్పుచుండగా నేను దానిని అబద్ధమనుకొంటిని; పిల్లవాడు సత్యము చెప్పినపుడును అట్లే అనుకొంటిని.

మరునాడు తెలిసిన ప్రకారము చేసితిని. విమానము రన్‌వే నడిమిగీతను పట్టుకొని పరుగెత్తెను. కాని నడుమ నడుమ చుక్కాని ఉన్నట్టుండి అదరిపడుచుండెను. నా జాయ్‌స్టిక్కులో పిడిని మెలిత్రిప్పినచో చుక్కాని కదలును. కంప్యూటరులో దాని కదలికను చూపు గీతను తెరచి, పిడిని మెల్లగా త్రిప్పితిని. గీత సాఫీగా జరుగుటకు మారుగా ఒకచోట కప్పవలె గంతు వేసెను. అనగా పిడిలోను దోషమున్నది! నా సంశయము పూర్తిగా తప్పు కాదు. నాకు ఆట రాకపోవుట నిజము. మద్దెల కొంచెము ఓడగుటయు నిజమే. రెండు దోషములు కలిసినపుడు అవి ఒక్కటిగా కనబడును. ఒక్కొక్కదానిని వేరుచేసి చూడనివానికి రెండును దొరకవు.

మామయ్య ఆ గంతును చూడగానే, "పాత రేడియోలో ధ్వనిని పెంచు గుండీని త్రిప్పినప్పుడు గరగరలాడునే, అదే ఇది. లోపల దుమ్ము చేరినది" అనెను. మరలు విప్పితిమి. పిడి అడుగున, రేడియో గుండీ క్రింద ఉండునటువంటి చిన్న బిళ్ల కనబడినది. దానిమీద సన్నని పసుపుపచ్చని పొడి. అది కోతలనాటి వరిదుమ్ము. మా కిటికీకి ఎదురుగానే కళ్లము. గాలి కొరకు ఆ కిటికీని తెరచి ఉంచువాడను నేనే. మామయ్య తన సంచిలోని క్లీనరు ద్రవమును చిమ్మి, పిడిని ఇరువది మారులు అటునిటు త్రిప్పించెను. గీత సాఫీగా జరిగెను.

అప్పుడు మా అమ్మ, "మొన్న వాడు దానిమీద తువ్వాలు కప్పుచుండగా చూచితిని. దుమ్ము పడునని కాబోలు" అన్నది.

నేను చిన్నాయన ఇంటికి పోయితిని. వాడు అరుగుమీద కూర్చుండి గోలీలు లెక్కపెట్టుకొనుచుండెను. "తప్పు నాదిరా. విచారింపక కొట్టితిని" అంటిని. వాడు గోలీలనుండి తల యెత్తక, "విమానము బాగైనదా?" అని అడిగెను. బాగైనదంటిని. "అట్లయిన నన్నొకసారి ఎక్కించుకొందువా?" అనెను. నాటినుండి మేమిద్దరము జతగా ఎగిరితిమి. నేను పిడి పట్టుదును, వాడు నోటుపుస్తకములోని వరుసను బిగ్గరగా చదువును: "కవాటము, పంపు, మాగ్నెటో..." ప్రతి పతనమునకు తేదీ, కారణము వాడే వ్రాయును. "కారణము తెలియదు" అని వ్రాయుటకు వాడు సిగ్గుపడెడివాడు కాడు. ఆ మాట వ్రాయుట నాకు నేర్పినది వాడే.

తరువాతి కాలమున తుపాకులు గల సు-25టీ అను జెట్ విమానమునును నడిపితిని. శత్రువు వెంటబడి మలుపు తిరుగునపుడు కర్రను ఎంత గుంజిన అంత వేగముగా తిరుగుదుమని తోచును. కాని రెక్కకు గాలి తగులు కోణము హద్దు మీరినచో గాలి రెక్కను విడిచిపోవును. విమానము రాయివలె జారును. అప్పుడు బ్రతుకదలచినవాడు కర్రను ఇంకను గుంజరాదు, సడలింపవలెను. పడిపోవుచున్నపుడు ముక్కును క్రిందికి దించుట మనస్సునకు మిక్కిలి కష్టము. నాకు పడిపోవుట ఒక మీట నొక్కిన మాసిపోవును. నిజముగా ఎగిరినవారికి ఆ మీట లేదు. ఇది తలచినప్పుడెల్ల శత్రువిమానము కాలుట చూచి కేకలు వేయుటకు నాకు నోరు రాకుండెను.

2019 జూలై 15వ తేదీ తెల్లవారుజామున చంద్రయాన్-2ను చూచుటకు ఊరంతయు మిద్దెలెక్కినది. 2 గంటల 51 నిమిషములకు ఎగురవలసిన రాకెట్టును, సాంకేతికలోపము కనబడుటచే, 56 నిమిషములకు ముందు నిలిపివేసిరి. క్రింద పరచుకొన్న చాపలను చుట్టుకొనుచు కొందరు విసుగుకొనిరి. ఎవరో శాస్త్రజ్ఞులను నిందించిరి. మా తమ్ముడు నా ప్రక్కన నిలిచి, "ఫ్యూజు చూచుచున్నారు కాబోలునన్నా" అనెను. వారమునకు, 22వ తేదీ మధ్యాహ్నమున, ఆ రాకెట్టు మేఘములను చీల్చుకొని లేచెను.

నేను పైలటును కాలేదు. మామయ్య సంచి నేడు నా భుజముననున్నది; మోటార్లను బాగుచేయుచున్నాను. రైతు వచ్చి "కాలిపోయినదయ్యా, ఫలానావాడు చెరిపినాడు" అనును. నేను మారు పలుకక ముందుగా ఫ్యూజు విప్పి చూతును. మద్దెల ఓడు కావచ్చును, కాకపోవచ్చును. కాని దానిని తట్టి చూడకముందు ఎవరిమీదను చేయి యెత్తను.