జన్యువు ఉంది, జిగురు లేదు

హైదరాబాద్‌లోని ఒక బోధనాసుపత్రి. నేను వెళ్లేసరికి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ ఇంక్యుబేటర్‌లోంచి ఎర్రటి ప్లేట్లు తీస్తున్నారు. కాంగో రెడ్ అగర్ అది: లీటరుకు 0.8 గ్రాముల రంగు, 50 గ్రాముల చక్కెర. రెండు ప్లేట్లలోనూ పెరిగింది స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్సే. ఒకదాంట్లో కాలనీలు ఎర్రగా, నున్నగా ఉన్నాయి. రెండోదాంట్లో నల్లగా, పొడిపొడిగా ఉన్నాయి.

"నల్లవి ఐసీయూ పేషెంటు సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి దించే గొట్టం) కొస నుంచి వచ్చినవండీ" అన్నారాయన.

అందరి చర్మం మీదా ఉండే బాక్టీరియానే ఇది. ఒంట్లోకి దించిన ప్లాస్టిక్ గొట్టం దొరికితే మాత్రం దానికి అంటుకుని, పొరలుగా పేరుకుని, చుట్టూ జిగురు కట్టుకుంటుంది. ఆ పొరే బయోఫిల్మ్. ప్లేటులో కనిపించే నలుపు ఆ జిగురుకు గుర్తు. జిగురు తయారీ 'ఐకా' అనే నాలుగు జన్యువుల చేతిలో ఉంటుంది. ఎ, డి కలిసి చక్కెర గొలుసు అల్లుతాయి. దాన్ని కణం బయటికి చేర్చడంలో సి పాత్ర ఉంది. బి ఆ గొలుసులోంచి కొన్ని ఎసిటైల్ భాగాలను తొలగిస్తుంది; దాంతో ధనావేశం వచ్చి జిగురు కణాన్ని వదలదు. పక్కనే ఉండే ఐకా-ఆర్ వీటికి పగ్గం వేస్తుంది.

జన్యువు ఉందో లేదో చూసే పీసీఆర్ జెల్ ఫొటోను పీజీ విద్యార్థిని చూపించింది. ఐకా-ఎ గీత, 188 బేస్ జతల దగ్గర, రెండు నమూనాల్లోనూ ఉంది! ఎర్ర ప్లేటు బాక్టీరియాకూ జన్యువు ఉందన్నమాట, జిగురే లేదు. పగ్గం బిగిసి ఉండొచ్చు. లేదా ఐఎస్256 అనే సంచార డీఎన్‌ఏ ముక్క ఆ వరుసలో ఎక్కడో దూరి ఉండొచ్చు. అది తప్పుకుంటే జిగురు మళ్లీ మొదలవుతుందని 1999లోనే తేలింది. అందుకే జెల్ ఒక్కటే చూసి ఇక్కడ తీర్పు చెప్పరు. 96 గుంతల ప్లేటులో పెంచి, క్రిస్టల్ వయొలెట్ రంగుతో పొర ఎంత కట్టిందో కూడా కొలుస్తారు.

 

నన్ను కలవరపెట్టింది నల్ల ప్లేటు బాక్టీరియా సెన్సిటివిటీ రిపోర్టు. అందులో 'ఎస్' (సెన్సిటివ్, అంటే పనిచేస్తుంది) అని వచ్చిన మందు విడివిడి కణాల మీద పరీక్షించినదే. పొర అడుగున మందకొడిగా బతికే కణాలు అదే మందును తట్టుకోగలవు. ల్యాబ్ ప్రొఫెసర్ వెంటనే ఐసీయూకి ఫోన్ చేసి, పేషెంటుకు ఇంకా ఏ లైన్లున్నాయో, ఎన్నాళ్లయిందో అడిగారు. ఇది పొర కట్టే బాక్టీరియా అన్న సంగతి ఫోన్‌తో సరిపెట్టకూడదు, రిపోర్టులోనే ఒక వరుసగా అచ్చవ్వాలి. రాత్రి డ్యూటీ డాక్టరు చేతికి అందేది ఆ కాగితమే.