పాత కంప్యూటరులో వేయి గొట్టములు

హార్మోనియము నెరుగని బాలుడు మన యూళ్లలో లేడు. దానికి పెద్దమ్మ వంటిదైన పైపు ఆర్గన్‌ను కన్నులార చూచినవారు మాత్రము మిక్కిలి అరుదు. కలకత్తాలోని సెయింటు పాల్ కథీడ్రల్లో ఇంగ్లండు దేశపు విల్లిస్ వారు కట్టిన గొప్ప ఆర్గన్ కలదు. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అజరయ్యగారు ఆ దేవాలయమందే అభిషేకము పొంది, డోర్నకలు అధ్యక్ష ఖండమునకు తొలి బిషప్పైరి. ఆ డోర్నకలు నేడు మన మహబూబాబాదు జిల్లాలోనిది. అట్టి వాద్యము మన సీమకు వచ్చినను నిలుచుట కష్టము. దాని తిత్తులు తోలువి, గాలిపెట్టెలు కొయ్యవి. మే నెల యెండకు కొయ్య పగులును, శ్రావణమున ఉబ్బును. చెదల మాట చెప్పనక్కరలేదు. శ్రుతి చేయు పనివాడు ఎంత దూరము నుండి రావలెనో!

అయినను, మా పాఠశాల ప్రార్థనశాలలో నేడు ఆర్గన్ మ్రోగుచున్నది. అది ఒక పాత కంప్యూటరులో నున్నది. దానిని వెదకుటకై నేను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి తిరిగితిని. మా చేతనున్న సొమ్ము 30,000 రూపాయలు. అందు కొంత పూర్వ విద్యార్థులది. కొంత మిరపకాయలు ఏరి, పత్తి తీసి కూలి తెచ్చుకొను తల్లులు నోటు మడతలు విప్పి యిచ్చినది. ఆ మడతలు చూచిన పిదప ఒక్క రూపాయియైనను ఊరక పోగొట్ట మనసొప్పదు. వాయించువారు లేరా యన, ఉన్నారు. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తిత్తి చినిగిన హార్మోనియము మీదనే నాలుగు గొంతుకల పాటలను రెండు చేతులతో పలికించుచున్నది. “ఏదో యొక కీబోర్డు కొని యిచ్చిన చాలదా?” అని సహోపాధ్యాయు లొకరు నన్నడిగిరి. చాలదని నా యభిప్రాయము, కారణము చెప్పెదను.

ఆర్గన్‌లో ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క గొట్టము. 61 మెట్లు గల పలకకు ఒక స్టాపునకు 61 గొట్టములు. అట్టి స్టాపులు 20 ఉన్నయెడల 1,220 గొట్టములు. ఎనిమిదడుగుల స్టాపులో మంద్రపు గొట్టము నిజముగనే రమారమి ఎనిమిదడుగుల పొడవుండును. ఏ రెండు గొట్టములును సరిగా ఒకే తీరున పలుకవు. ఇప్పుడు కొందరు నిపుణులు ఐరోపా దేవాలయములలోని ఆర్గన్ల గొట్టములను ఒక్కొక్కదానిని విడిగా మ్రోగించి, స్వరము పుట్టుట, నిలుచుట, వ్రేలు తీసిన పిమ్మట ఆలయపు గోడల మధ్య ప్రతిధ్వని అణగిపోవుట మొదలుగా సమస్తమును రికార్డు చేసి యుంచిరి. హాప్ట్‌వెర్క్ అను సాఫ్టువేరు వెల యిచ్చి కొనవలసినది. గ్రాండ్‌ఆర్గ్ అనునది ఉచితము. మిడి తీగతో కీబోర్డును కంప్యూటరునకు తగిలించి మెట్టు నొక్కినచో, ఎక్కడనో వేయి క్రోసుల దూరమున నున్న ఆ గొట్టమే యిచ్చట పలుకును. మామూలు కీబోర్డులోని ఆర్గన్ స్వరము ఛాయాచిత్రము వంటిదైన, ఇది ముఖాముఖి చూచుట వంటిది.

మెట్టు నొక్కిన తక్షణమే స్వరము వినవలెను గదా. అందుచే ఈ రికార్డులన్నియు వాయించుటకు ముందే డిస్కు నుండి ర్యాములోనికి ఎక్కవలెను. అనగా ర్యాము ఎంతయో ఆర్గన్ అంత. చిన్న ఆర్గన్‌కు రెండు మూడు గిగాబైట్లు చాలును. పెద్ద కథీడ్రల్ ఆర్గన్‌ను నిండు నాణ్యముతో ఎక్కింపవలెనన్న 32 సైతము చాలకపోవచ్చును. 32 బిట్ల పాత విండోస్ 4 గిగాబైట్లకు మించి వాడుకొనలేదు, కనుక అది పనికిరాదు. ప్రాసెసరు సంగతి వేరు. పది వ్రేళ్లతో ఇరువది స్టాపులు తీసి వాయించిన 200 గొట్టము లొక్కమారు పలుకును. ఆపైన వెనుకటి స్వరముల ప్రతిధ్వనులును కలియును. దీనికి నాలుగు కోరుల ప్రాసెసరు కావలెను. ఆటల కొరకు చేసిన గ్రాఫిక్సు కార్డు పైసాకు కొరగాదు.

జనగామ దుకాణమున నాకు చూపినది అట్టిదే: తళతళలాడు ల్యాపుటాపు, ఎఱ్ఱ దీపములు, గ్రాఫిక్సు కార్డు. ర్యాము 8 గిగాబైట్లు. అదియు పలకకు అతికించినదే గాని మార్చుటకు వీలులేనిది. ప్రక్కనే పెంబర్తి. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి కొట్టి పాత్రలుగా తీర్చు పనివారున్న చోట మెరుగు చూచి వస్తువు కొనుట నాకు సిగ్గనిపించెను. మహబూబాబాదులో చూచిన డెస్కుటాపు కొంత నయము, 16 గిగాబైట్లు. కాని దాని ఫ్యాను వడ్లమిల్లు వలె హోరుమనుచుండెను. పాట ముగిసి ప్రతిధ్వని అణగు సమయమున ఆ హోరు వినబడిన ఇంత శ్రమ యెందులకు?

భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా బస్సులో పోతిని. అచ్చట ఒక చిన్న దుకాణమున, ఏదో కార్యాలయము వదిలించుకొన్న డెస్కుటాపులు వరుసగా పేర్చియుండెను. విండోస్ 10కు ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో నిలిచినవి. ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందరి ప్రాసెసర్లను సాధారణముగా విండోస్ 11 అంగీకరింపదు. అందుచే మంచి యంత్రములే అగ్గువకు దొరకుచున్నవి. మాకు ఇంటర్నెట్టుతో పనిలేదు. గ్రాండ్‌ఆర్గ్ లైనక్సు మీదను నడచును. పెట్టె విప్పించితిని. బొగ్గు ధూళి వ్రేలి మందమున్నది గాని, ర్యాముకు నాలుగు అరలు, అందు రెండు ఖాళీ. “సారూ, పాతదే గాని పానం గట్టిది” అని దుకాణదారు నవ్వెను. ప్రాణము సంగతి పరీక్షించి చూతమంటిని. ర్యామును పరీక్షించు మెమ్‌టెస్ట్ అను ఉచిత సాఫ్టువేరును రాత్రియంతయు నడుపుటకు అతడు ఒప్పుకొనుట అతని మంచితనము. తెల్లవారుసరికి ఒక ర్యాము ముక్కలో తప్పులు కనబడినవి. కార్యాలయపు లెక్కలకు అది కనబడకయే పోవచ్చును; ఆర్గన్‌కైన ఏ గొట్టముననో చిటపట పుట్టును. అతడు మారుమాటాడక ఆ ముక్కను మార్చి, ఖాళీ అరలను గూడ నింపి, మొత్తము 32 గిగాబైట్లు చేసి యిచ్చెను. పెట్టెను ఒడిలో పెట్టుకొని బస్సెక్కితిని.

ఇంటికి వచ్చిన పిదప తేలవలసినది ఆలస్యము సంగతి. మెట్టు నొక్కుటకును స్వరము వచ్చుటకును నడుమ కంప్యూటరు కొంత కాలము తీసికొనును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. కావున 20 మిల్లీ సెకన్ల ఆలస్యమనిన, ఏడు మీటర్ల దూరమున నున్న గొట్టము నుండి వినుటతో సమానము. పెద్ద దేవాలయములలో వాయించువారికి ఇది అలవాటే. 100 దాటినచో పాటకు వాద్యము వెనుకబడి, పాడువారు దానికై ఆగి, అది వారికై ఆగి, సభయంతయు ఈడ్చుకొని పోవును. కంప్యూటరులోని సౌండు రంధ్రమును నమ్మక, యు.ఎస్.బి. ఆడియో పెట్టె నొకదానిని కొంటిమి. ఆలస్యము 12 మిల్లీ సెకన్లకు దిగినది. కరెంటు పోయినచో ర్యాములోని ఆర్గన్ అంతయు మాయమగును గనుక ఒక యు.పి.యస్.ను గూడ కొని, స్పీకర్లకు పూర్వ విద్యార్థి యొకరు తోడుపడగా, లెక్క 29,400 రూపాయలకు తేలినది. రసీదులు కార్యాలయమున నున్నవి, తల్లిదండ్రులెవరైనను చూడవచ్చును.

మొదటి దినమున ఆ బాలిక ఒక్క మెట్టు నొక్కి వ్రేలు తీసి, ఎక్కడిదో ఆలయములోని ప్రతిధ్వని పూర్తిగా అణగువరకు కదలక కూర్చుండెను. పిదప, “మాస్టారూ, కాళ్ళతో వాయించే మెట్లు కూడా ఉంటాయంట గదా?” అని యడిగెను. అవి మాకింకను లేవు. ఆమె తండ్రి వడ్రంగి. 32 మెట్ల కొలతలు నా వద్ద వ్రాయించుకొని పోయి, టేకు ముక్కల కొరకు వెదకుచున్నాడు.