చిత్రిక పట్టే వీల్లేదు!

‘పాత తలుపు ఉందిగా... ఆ కొలతకే కొత్తది కోయించేస్తే సరి!’ వంటింట్లో కబోర్డు తలుపులు మార్చాలనుకోగానే మొదట వినిపించే మాట ఇదే. ఖరీదైన ప్లైవుడ్ వృథా అయ్యేది కూడా సరిగ్గా ఇక్కడే.

2021 నవంబరు వానలను తిరుపతివాసులు అంత తేలిగ్గా మర్చిపోలేరు. లోతట్టు కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. అలా నానిన తలుపు ఇక పనికిరాదు. ప్లై పొరలు విడిపోతుంది, మడతబందులు తుప్పుపడతాయి. కానీ గోడలోని గూడూ, కడప బండ అరలూ చెక్కుచెదరవు. తిరుపతి, చిత్తూరుల్లో ఇలాంటి బండ అరల వంటిళ్లు ఎన్నో. అందుకే గూడు పాతది, తలుపు కొత్తది!

పాత తలుపు చట్రం లోపల ఇమిడేది. ఆచారి దాన్ని కాస్త పెద్దగానే కోసి, బిగించేటప్పుడు చిత్రిక పట్టేవాడు. కార్తీకం ముసురుకు చెక్క ఉబ్బి బిగుసుకుంటే, ‘ఎంతసేపు మా... రెండుసార్లు చిత్రిక లాగితే పోద్ది’ అనేవాడు. కొలతలో తప్పును చిత్రిక దిద్దేది.

ఇప్పుడందరూ అడిగేది బయటికి కనిపించని ఆటో హింజ్. దానికోసం తలుపు వెనక 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంత తవ్వాలి. లామినేట్ అతికించి, అంచుకు పట్టీ వేసి వచ్చిన తలుపుకు చిత్రిక పట్టే వీల్లేదు. పైగా ఇది చట్రం లోపల కాదు, చట్రం మీదికి ఎక్కి కూర్చుంటుంది. మరి పాత తలుపు కొలత ఎలా సరిపోతుంది?

కొలవాల్సింది తలుపును కాదు, చట్రం మధ్య ఖాళీని. పాత తలుపు ఆనే గాడి ఉంటే ముందు దాన్ని పట్టీతో పూడ్చాలి. పైన, మధ్యన, కింద... మూడుచోట్లా టేపు పెట్టాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను హింజ్‌కుండే మరలతో సర్దుకోవచ్చు. అంతకు మించితే చట్రాన్నే సరిచేయాలి.

ఖాళీ 600 మిల్లీమీటర్లు ఉందనుకోండి. తలుపు రెండు పక్కలా 16 చొప్పున చట్రం మీదికి ఎక్కితే మొత్తం 632. రెండు తలుపుల నడుమ సందుకు 3 తీసేస్తే 629. ఒక్కో తలుపు 314.5. ఎత్తుకూ ఇదే లెక్క. మూడడుగుల ఎత్తులోపు తలుపుకు రెండు హింజ్‌లు చాలు. ఐదడుగుల దాకా మూడు కావాలి.

ఇక చిక్కుల సంగతి. కడప బండకు నేరుగా మర దిగదు, చెక్క చట్రం ఉండాల్సిందే. హింజ్ ప్లేటు మరలు చట్రం ముందు అంచు నుంచి 37 మిల్లీమీటర్లు లోపల పడతాయి. కాబట్టి చట్రం లోతు కనీసం రెండంగుళాలైనా ఉండాలి. నడిమి పలక ఒకటే అయి, దానికి అటొక తలుపూ ఇటొక తలుపూ బిగించాలంటే మామూలు హింజ్ పనికిరాదు, సగం వంపుది అడగాలి. అందుకే హింజ్ చేతికొచ్చాకే చెక్క కోయించాలి.

టేపు మీద అంగుళాలు చదివే అలవాటు అంత త్వరగా పోదు. అంగుళంలో ఎనిమిదో వంతు అంటే 3 మిల్లీమీటర్ల పైమాటే. ‘అంతేగా’ అనుకుంటే రెండు తలుపుల నడుమ సందు మొత్తం మాయం!

ఆచారి పూటంతా కొలుస్తూ కూర్చుంటే ‘పనేం జరగలేదే’ అని కూలి దగ్గర గునిసే ఇళ్లున్నాయి. ఒకప్పుడు చిత్రికతో చేసిన పనినే ఆయన ఇప్పుడు టేపుతో, చెక్క కోయకముందే చేస్తున్నాడు. కొలిచిన పూటకూ కూలి ఇవ్వాల్సిందే. ఆ పూట మిగుల్చుకోబోతే, కోసేసిన ప్లై మళ్లీ అతుక్కోదు!