పెదవి తగిలే చోటు

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ దిక్కు నుంచి సూరత్‌కు కొత్తగా కాపురానికి వచ్చిన ఆడవాళ్లు, ఇల్లు సర్దుకోగానే అడిగే మాట ఒకటుంది. "అక్కా, ఇక్కడ గ్లాసులు ఎంత తోమినా అంచుకు తెల్లటి పొర పోతలేదు, ఏం చేస్తరు?" అంటారు. అప్పటికే సబ్బు మార్చి ఉంటారు, పీచు మార్చి ఉంటారు. గ్లాసు ఒళ్లంతా తళతళలాడుతుంది, పెదవి ఆనించే చోట మాత్రం మసక వదలదు. చుట్టాలొస్తే ఆ గ్లాసులో నీళ్లివ్వడానికి చేయి రాదు.

మేముండే ఉన్, సూరత్‌కు దక్షిణాన నవసారి వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడలు రెండూ దగ్గరే. మగ్గాల మీద, అద్దకం మిల్లుల్లో పనిచేసేవాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి ఇక్కడ సర్దుకున్నారు. ఒక్క మెట్ల దారిలోనే గుజరాతీ, ఉర్దూ, మరాఠీ, ఒడియా, తెలుగు వినిపిస్తాయి. తెలుగు మాధ్యమంలో కూడా మున్సిపల్ బడులు నడిపే నగరం ఇది. ఇన్ని భాషల ఇళ్లలోనూ గ్లాసు అంచు మీది మసక మాత్రం ఒక్కటే. ఇంత చిన్న విషయం గురించి ఎందుకు రాయాలంటే, గ్లాసు అంచు శుభ్రంగా లేని చోట అసలు గ్లాసే మాయమైపోతోంది. దాని బదులు కాగితం కప్పు వచ్చి కూర్చుంటోంది.

ముందు నీళ్ల సంగతి. సూరత్ కుళాయిల్లో వచ్చేది తాపీ నది నీరు. అది చాలని చోట పాత్రలు కడగడానికి బోరు నీళ్లే దిక్కు. సముద్రానికి దగ్గరి నేల కాబట్టి బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. వాటిలో కాల్షియం, మెగ్నీషియం పాలు పెరిగితే ఆ నీళ్లు కఠిన జలం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఆ పై హద్దులో ఉన్న నీళ్లు లీటరు ఆవిరైపోతే అర గ్రాముకు పైగా సున్నపు పొడి మిగిలిపోతుంది.

ఆ పొడి అంచుకే ఎందుకు చేరుతుంది? మనం గ్లాసు కడిగి బోర్లిస్తాం. లోపలి తడి, బయటి తడి రెండూ కిందికి జారి అంచు దగ్గర ఆగుతాయి. ఆఖరి చుక్క ఆరేది అక్కడే. చుక్కలో నీరు పోతుంది, సున్నం ఉండిపోతుంది. పూటపూటకూ ఒక పలుచని పొర దాని మీద చేరి, కొన్నాళ్లకు గోటికి గరుకుగా తగులుతుంది. పైగా తోమేటప్పుడు చేయి గ్లాసు లోపల తిరుగుతుంది, బయట తిరుగుతుంది. ఈ రెండూ కలిసే సన్నని వంపు మీద పీచు నిలవదు.

సున్నం ఒక్కటే అయితే పని సులువే. పెదవి తగిలే చోటు కాబట్టి అక్కడ జిడ్డు కూడా ఉంటుంది. చాయ్ మీది మీగడ, మజ్జిగలోని వెన్న, చలికాలం పెదాలకు రాసుకున్న నెయ్యి, లిప్‌స్టిక్‌లోని నూనె, మైనం అన్నీ అంచుకే అంటుతాయి. మైనం చన్నీళ్లకు కరగదు. తేనెమైనం కరగాలంటేనే 60 డిగ్రీల పైన వేడి కావాలి. అందుకే చన్నీళ్లలో ఎంత రుద్దినా రంగు పక్కకు జరుగుతుందే తప్ప ఊడిరాదు.

మూడోది చాయ్ మరక. 1993లో మైఖేల్ స్పైరో, డియోగ్రాషియస్ జగాన్యీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు, టీ మీద తేలే సన్నని తెట్టు ఎలా పుడుతుందో పరిశోధించి 'నేచర్' పత్రికలో రాశారు. తేయాకులోని పాలీఫినాల్స్ గాలి తగిలి ఆక్సీకరణ చెందుతాయి. నీళ్లలో కాల్షియం, బైకార్బనేట్ ఉంటేనే ఆ తెట్టు కడుతుంది. కాల్షియం లేని మెత్తటి నీళ్లలో అది పుట్టదు. నిమ్మరసం పిండినా పుట్టదు. కప్పు గోడకు, అంచుకు అంటి గోధుమరంగు గీతగా మిగిలేది ఈ బాపతు పొరే. ఒకే చాపత్తా ఊళ్లో మరక పడకుండా ఇక్కడ పడుతోందని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇందులో ఉంది.

కాబట్టి గ్లాసు తోమేముందు మరక ఏదో చూడాలి. ఆరిన గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, పొడి వేలితో అంచును రుద్దండి. మరక సాగితే జిడ్డు. గోధుమరంగులో ఉంటే చాయ్. తడిపితే కనిపించకుండా పోయి, ఆరగానే మళ్లీ తేలితే సున్నం. చాలాసార్లు మూడూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అప్పుడు వరుస ముఖ్యం. జిడ్డు పైన ఉండగా పులుపు పోస్తే అది సున్నం దాకా దిగదు.

మొదట జిడ్డు తీయాలి. లిప్‌స్టిక్, నెయ్యి లాంటివుంటే నీళ్లు తగలనివ్వకుండా పొడి గుడ్డతో తుడిచేయాలి. తర్వాత చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మెత్తటి స్పాంజితో అంచును పట్టుకుని గ్లాసును చుట్టూ తిప్పాలి. స్పాంజిని కదపడం కన్నా గ్లాసును తిప్పడమే మేలు. అప్పుడు లోపల, బయట, పైవంపు మూడూ ఒక్కసారే తోమినట్టవుతుంది. స్టీలు గ్లాసులకు అంచు బయటికి మడిచి ఉంటుంది. ఆ మడత కింద నల్లగా పేరుకున్నదాన్ని తీయడానికి పాత టూత్‌బ్రష్‌ను మించింది లేదు.

చాయ్ గీతకు వంట సోడా. చిటికెడు సోడా తడివేలికి అద్దుకుని రుద్దితే చాలు. సోడా కొద్దిగా క్షారం, కొద్దిగా గరుకు, పింగాణీని గీయదు. మన నాయనమ్మలు పొయ్యిలో బూడిద వాడింది కూడా ఇందుకే. కట్టెల బూడిదలో పొటాషియం కార్బనేట్ ఉంటుంది, అది జిడ్డును విడగొడుతుంది. అయితే బూడిదలో ఇసుక పలుకులు ఉండొచ్చు కాబట్టి ఇత్తడికి, స్టీలుకు పనికొచ్చినంతగా గాజుకు పనికిరాదు.

సున్నానికి మందు పులుపు. నిమ్మచెక్కతో అంచును రుద్ది కాసేపు వదిలేయవచ్చు. చింతపండు గుజ్జులోని టార్టారిక్ ఆమ్లం కూడా ఆ పనే చేస్తుంది. గ్లాసులు ఎక్కువుంటే నిమ్మ ఉప్పు చవక. ఇక్కడి కిరాణా దుకాణంలో 'లీంబూ నా ఫూల్' అని అడిగితే ఇస్తారు. వెడల్పు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి, అంచులు మునిగేలా గ్లాసులు బోర్లించి పది, పదిహేను నిమిషాలు ఉంచండి. బుడగలు లేస్తే సున్నం కరుగుతున్నట్టే. అది కార్బన్ డయాక్సైడ్. తర్వాత మంచినీళ్లతో కడగాలి. సోడాను, వెనిగర్‌ను కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది, చూడటానికి బలంగా అనిపిస్తుంది. కానీ క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుని రెండింటి బలమూ పోతుంది. దేని పని దానితో విడిగా చేయించుకోవాలి.

బంగారు గీత ఉన్న కప్పులకు మాత్రం సోడా, పులుపు, గరుకు పీచు ఏవీ తగలనివ్వకండి. ఆ గీత చాలా పలుచని పూత, మరకతో పాటే లేచిపోతుంది. వాటికి గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఇనుప పీచుతో గాజును రుద్దడం కూడా వద్దు. పడిన ప్రతి గీతా రేపటి మరకకు ఇల్లు. ఇంత చేసినా మసక పోకపోతే అది మరక కాదు, గాజు పైపొరే అరిగిపోయిందని అర్థం. అంచు పగిలి ఉంటే ఆ గ్లాసును పూలకో పెన్నులకో వాడుకోండి, నోటికి వద్దు.

ఆఖరి పని తుడవడం. చుక్కను అంచు మీద ఆరనివ్వకపోతే సున్నం చేరే వీలే ఉండదు. సూరత్ పాలిస్టర్ చీరల ఊరు. ఇంట్లో పాత గుడ్డ అంటే ఎక్కువగా పాలిస్టరే. నూలు గాలి నుంచే తన బరువులో 8 శాతానికి పైగా తేమ పట్టుకోగలదు, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే పాత చీర ముక్కతో తుడిస్తే నీళ్లు అటూ ఇటూ జరుగుతాయి, గుడ్డలోకి పోవు. ఊరి నుంచి తెచ్చుకున్న నూలు తువ్వాలు పాతబడితే చింపి గ్లాసులకు పెట్టుకోండి. అదే పాలిస్టర్‌ను అతి సన్నని పోగులుగా చీల్చి నేసిన మైక్రోఫైబర్ గుడ్డ అయితే ఆ పోగుల సందుల్లోకి నీళ్లు లాగేస్తుంది, అది కూడా మంచిదే.

ఇంట్లో ఇది మన చేతిలోని పని. వీధిలోని చాయ్ దుకాణం సంగతి వేరు. ఇక్కడివాళ్లు చాయ్‌ను రకాబీలో పోసుకుని అంచు నుంచి జుర్రుతారు. పన్నెండు గంటల పాళీ మీద మగ్గాలు నడిపేవాళ్లకు ఆ చాయ్ భోజనంలో సగం. ఒక బకెట్టు నీళ్లలో పదుల గ్లాసులు ముంచి లేపితే, మొదటి గ్లాసు జిడ్డు నీటి పైకి తేలి తర్వాతి గ్లాసు అంచుకు అంటుకుంటుంది. జనం అది చూసి గ్లాసు వద్దని కాగితం కప్పు అడుగుతున్నారు. వాళ్ల భయంలో తప్పు లేదు, వెతుక్కున్న దారి మాత్రం మంచిది కాదు. కాగితం కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు అలాంటి కప్పుల్లో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పోసి 15 నిమిషాలుంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో కలిశాయని చూపారు. అంచు మీది మరక కంటికి కనిపించింది కాబట్టి దూరం పెట్టాం. ఇవి కనిపించవు కాబట్టి తాగుతున్నాం.

చాయ్ దుకాణాన్ని మార్చలేమని ఈ ఊరు చూసినవాళ్లెవరూ అనరు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను రోజూ వీధుల్లోకి నడిపించారు. చెత్త ఎత్తించడంతో ఆగకుండా హోటళ్ల శుభ్రత మీద కూడా తనిఖీలు, జరిమానాలు పెట్టారు. ఎస్.ఆర్. రావు పేరు ఇక్కడ ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానం పొందింది. వీధులు బాగుచేసుకున్న ఊరికి గ్లాసు అంచు అందనిది కాదు. చాయ్ దుకాణంలో పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. సబ్బునీళ్ల బకెట్టు ఒకటి, ధారగా పోసి కడగడానికి కుళాయి ఉన్న డబ్బా ఒకటి, చివర మరిగే నీళ్లు ఒక గిన్నె ఉంటే చాలు. వేడి నీళ్లలో ముంచిన గ్లాసు తనంతట తాను త్వరగా ఆరుతుంది.

ఈ అంచుకు మన దగ్గర ఇంకో చరిత్ర ఉంది. దాన్ని దాటేసి శుభ్రత గురించి రాయడం న్యాయం కాదు. తెలుగు పల్లెల హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి మనకు తెలుసు. గుజరాత్ పల్లెల్లోనూ వాళ్లకోసం విడిగా పెట్టే పాత్ర ఉంది, దాన్ని రామపాత్ర అంటారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో, 1989లో చట్టాలు వచ్చాయి. అయినా వేరే గ్లాసు పెట్టినవాళ్లు అడ్డం పెట్టుకున్నది శుభ్రత అనే మాటనే. కడిగితే పోయే మరకకూ, మనిషికి అంటగట్టిన మైలకూ సంబంధం లేదు. సబ్బు, వేడినీళ్లు, పులుపు ఎవరి పెదవి గుర్తునైనా ఒకేలా తుడిచేస్తాయి. కాగితం కప్పు ఈ వేరే గ్లాసు ప్రశ్నకు జవాబు చెప్పలేదు, పక్కకు నెట్టింది. ఉన్, పాండేసరా మగ్గాల మధ్య ఉన్న దుకాణాల్లో ఒడిశా మనిషి, ఉత్తరప్రదేశ్ మనిషి, మన సిరిసిల్ల మనిషి ఒకే పళ్లెంలోంచి గ్లాసు అందుకుంటున్నారు. అక్కడ ఎవరి గ్లాసు ఏదని ఎవరూ అడగరు. ఆ అలవాటు నిలవాలంటే ఆ గ్లాసు అంచు నిజంగా శుభ్రంగా ఉండాలి.

కాగితం కప్పు లేకుండా నలుగురికీ గ్లాసు అందించే దారి మన దిక్కునే ఉంది. సిద్దిపేట జిల్లాలో ఊరూరా స్టీల్ బ్యాంకులు పెట్టారు. పెళ్లికో పండుగకో స్టీలు గ్లాసులు, పళ్లాలు తీసుకెళ్లి, కడిగి తిరిగి ఇస్తారు. సూరత్‌లో బతుకమ్మ ఆడుకునే మన బస్తీలకు అలాంటి బ్యాంకు కావాలి. పాటలు అయిపోయాక మైదానంలో కాగితం కప్పుల కుప్ప మిగలకుండా చేయగలిగేది అదే. మన సంఘాలు ఒక అల్మారా, కొన్ని వందల స్టీలు గ్లాసులు సమకూర్చుకోవడం కష్టం కాదు. తిరిగి ఇచ్చే ముందు అంచు చుట్టూ వేలు తిప్పి చూడాలనే నియమం ఒక్కటి దానికి కలపాలి. ఒక్కసారి మరక కనిపించినా జనం మళ్లీ కాగితం కప్పుకే పోతారు.

చాయ్ దుకాణంలో నిలబడ్డప్పుడు కాగితం కప్పు అడగకండి. గ్లాసే అడగండి, వెలుతురుకు ఎత్తి చూడండి. అంచు మసకగా ఉంటే "భయ్యా, వేడినీళ్లతో ఒక్కసారి కడిగివ్వు" అని మర్యాదగా చెప్పండి. పదిమంది అడిగితే పదకొండోవాడు అడగకముందే దుకాణంవాడు కడిగి ఉంచుతాడు. అందరికీ ఒకే గ్లాసు, ఆ గ్లాసుకు శుభ్రమైన అంచు: ఈ రెండూ కలిపి అడగడం తాగేవాడి హక్కు, కలిపి ఇవ్వడం కడిగేవాడి గౌరవం.