అంతరాయాల నడుమ అంగసాధన

వ్యాయామాన్ని గురించి వెలువడే పుస్తకాలలో చాలావరకు రెండు విషయాలను పైకి చెప్పకుండానే నిజమనుకుని ముందుకు సాగుతాయి: సాధన చేసే మనిషికి రోజూ ఎవరూ పిలవని అరగంట ఒకటి ఉంటుందన్నది మొదటిది, ఆ అరగంటలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంట్లో మరొకరు ఉంటారన్నది రెండవది. భర్త పోవడం వల్లనో, విడాకుల వల్లనో, విడిచి వెళ్ళిపోవడం వల్లనో, తన ఇష్టం మీదనే తీసుకున్న నిర్ణయం వల్లనో సంపాదననూ పెంపకాన్నీ ఒంటిచేత్తో నడుపుకొచ్చే తల్లి ఇంట్లో ఈ రెండూ నిలబడవు. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం భారతదేశంలోని కుటుంబాలలో 4.5 శాతం, అంటే సుమారు 1.3 కోట్ల కుటుంబాలు, ఒంటరి తల్లుల నిర్వహణలో ఉన్నాయి. పుట్టింటివారి పంచనో అత్తింటివారి పంచనో పిల్లలతో తలదాచుకునేవారు ఈ లెక్కలో చేరరు. ఇంతమందికి అమరని వ్యాయామ పద్ధతి ఉన్నప్పుడు మార్చుకోవలసింది పద్ధతినే గాని, పట్టుదల లేదన్న మాటను ఆ తల్లుల మీద మోపడం న్యాయం కాదు.

కేంద్ర గణాంక శాఖ 2024లో కాలవినియోగ సర్వే ఒకటి జరిపింది. మనుషులు రోజులోని 24 గంటలను ఏ పనికి ఎంత వెచ్చిస్తున్నారో ఇంటింటా అడిగి నమోదు చేసే ఈ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అయితే ఒంటరి తల్లి విషయంలో సమయం తక్కువన్నదానికంటె, ఉన్న కొద్ది సమయమూ ముక్కలు ముక్కలుగా దొరుకుతుందన్నదే అసలు చిక్కు. కుక్కరు ఎక్కించాక మూడో కూత వచ్చేలోపు కొన్ని నిమిషాలు, కుళాయి కింద బిందె నిండేలోపు ఒకటి రెండు నిమిషాలు, బిడ్డ బడి బస్సు ఎక్కాక తన బస్సు వచ్చేలోపు మరికొన్ని నిమిషాలు: ఇవన్నీ కూడితే అరగంట దాటవచ్చు గాని, ఏకబిగిన పది నిమిషాలు మాత్రం చేతికి రావు. జిమ్ము నెలసరి రుసుమును ఎలాగో సమకూర్చుకున్నా, వెళ్ళిరావడానికి ఆటో కిరాయి, ఆ గంటసేపు బిడ్డను చూసే మనిషికి ఇవ్వవలసిన డబ్బు లేదా తీర్చవలసిన మొహమాటం దానికి తోడవుతాయి. నగరాల పార్కులలో పురపాలక సంస్థలు పెట్టిన ఉచిత వ్యాయామ పరికరాలు ఉన్నప్పటికీ, తెల్లవారుజామున నిద్రపోతున్న పసివాణ్ణి ఇంట్లో వదిలి తాళం వేసుకుని వెళ్ళగలిగే తల్లి ఉండదు.

ఇటువంటి ముక్కల సమయం వ్యాయామానికి పనికిరాదని శాస్త్రం కూడా చాలాకాలం భావించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సూచనలలో, గుండెకు ఊపిరితిత్తులకు మేలు చేసే శ్రమ కనీసం 10 నిమిషాలపాటు ఆగకుండా సాగితేనే లెక్కలోకి వస్తుందన్న నియమం ఉండేది. 2020లో ఆ సూచనలను తిరగరాసినప్పుడు ఈ నియమాన్ని తొలగించి, వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గాని, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ గాని ఏ ముక్కలుగా సమకూరినా సరేనని, దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలని చెప్పారు. మధ్యస్థ శ్రమ అంటే, చేస్తున్నప్పుడు మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేనంత ఆయాసం కలిగించేది. తీవ్ర శ్రమ అంటే, నాలుగు మాటలకోసారి ఊపిరి అందుకోవలసి వచ్చేది. బయటి ప్రపంచంలో పెద్దగా చర్చకు రాని ఈ చిన్న సవరణ, ముక్కల సమయమే ఆస్తిగా ఉన్న తల్లులకు మాత్రం ఎంతో విలువైనది. 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి ఈ దారికే బలం చేకూర్చింది. బ్రిటన్‌లో వ్యాయామం అలవాటు లేని 25 వేల మందికి పైగా మనుషుల మణికట్టుకు కదలికలను నమోదు చేసే పరికరం కట్టి, తరువాతి ఏళ్ళలో వారి ఆరోగ్యాన్ని గమనించగా, గబగబా మెట్లెక్కడం, బరువు మోస్తూ వేగంగా నడవడం వంటి తీవ్ర శ్రమ రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి నిమిషం రెండు నిమిషాలు, చేసేవారిలో మరణాలు అసలు చేయనివారికంటె దాదాపు 40 శాతం తక్కువగా కనిపించాయి. ఇది మనుషులను గమనించి తేల్చిన సంబంధమే గాని ప్రయోగం చేసి నిరూపించిన కారణం కాదన్న జాగ్రత్తతోనే దీనిని చదవాలి. అయినా 1953లో పరిశోధకుడు జెర్రీ మోరిస్ లండన్ రెండంతస్తుల బస్సులలో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని బండి నడిపే డ్రైవర్లకంటె గుండెజబ్బు తక్కువని చూపినప్పటినుంచి సాక్ష్యం చాలావరకు ఒకవైపే మొగ్గుతూ వస్తున్నది.

ఇంటిపని చేసే ఆడవారికి వేరే వ్యాయామం ఎందుకన్న ప్రశ్న తెలుగు ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. చీపురు పట్టి ఇల్లు ఊడ్చడం, బట్టలు ఉతికి పిండడం శరీరానికి కదలికనిచ్చే మాట నిజమే. కాని ఆ కదలికలు ఏళ్ళ తరబడి అదే బరువుతో, అదే వంపుతో సాగుతాయి కనుక నడుమును అరగదీస్తాయే తప్ప, తొడలకు, భుజాలకు, వెన్నుకు కొత్త బలాన్ని పెద్దగా ఇవ్వవు. బట్టల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి చీరలు మడతవిప్పి చూపించే ఉద్యోగినికి సాయంత్రానికి కాళ్ళు పీకేది శ్రమ ఎక్కువై మాత్రమే కాదు, కదలిక తక్కువై కూడా. నిలబడి ఉన్నప్పుడు పిక్కల కండరాలు ముడుచుకుని విచ్చుకోవడం ఆగిపోవడంతో, కాళ్ళలోని రక్తం గుండెవైపు తిరిగి ఎక్కడం మందగిస్తుంది. కేరళ 2018లోనూ తమిళనాడు 2021లోనూ దుకాణ ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టంలో చేర్చడం వెనుక ఈ బాధ ఉంది. మడమలను పైకెత్తి మునికాళ్ళ మీద లేచి నెమ్మదిగా దిగడం, ఎవరూ గమనించకుండా కౌంటరు వెనుక నిలబడే చేయగలిగిన పని, పిక్కలకు మంచి కసరత్తు కూడా.

కండబలానికి పరికరాలు కొనాలన్నది ఇటీవలి భావనే. విజయనగరంలో పెరిగి కలియుగ భీముడిగా పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడి కాలంలో తాలింఖానాలలో, అంటే వ్యాయామశాలలలో, సాధనకు పునాది దండీలు, బస్కీలే. దండీ అంటే నేలకు చేతులు ఆన్చి శరీరాన్ని దించి లేపడం, బస్కీ అంటే మోకాళ్ళు వంచి కూర్చుని లేవడం. వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసే గుంజీళ్ళు కూడా ఈ బస్కీలకు దగ్గరి చుట్టాలే. ఆ తాలింఖానాల తలుపులు స్త్రీలకు తెరుచుకోలేదు, పైగా నేల మీద దండీ తీయడం అలవాటు లేని శరీరానికి మొదటిరోజు అసాధ్యం. అందువల్ల ఆ సాధనను వంటింటికి తెచ్చుకోవలసినవారు దానిని గోడతో మొదలుపెట్టాలి. గోడకు చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులను రొమ్ము ఎత్తున ఆనించి, తలనుంచి మడమ దాకా నడుము వంగకుండా కడుపు బిగించి ఉంచి, మూడు లెక్కించేంతసేపు మోచేతులు వంచుతూ ముఖాన్ని గోడకు దగ్గరగా తెచ్చి, ఊపిరి వదులుతూ వెనక్కి నెట్టుకోవడం గోడ దండీ. పన్నెండు పదిహేను తేలికగా వస్తున్నప్పుడు గోడకు బదులు వంటగట్టు అంచున, అదీ పొయ్యికి దూరంగా ఉన్న వైపున, చేతులు ఆన్చి చేయాలి. ఆ తరువాత కదలని మంచం పట్టె, చివరకు నేల. ఎత్తు తగ్గేకొద్దీ చేతుల మీద పడే శరీరభారం పెరుగుతుంది కనుక ఒక్క రూపాయి ఖర్చు లేకుండా భారం పెరిగినట్లే. ఇలా కండరానికి అలవాటైనదానికంటె కొంచెం ఎక్కువ పనిని క్రమంగా అప్పగించడాన్ని శాస్త్రంలో క్రమభార సూత్రం అంటారు, బలం పెరగడానికి మూలం ఇదే. బస్కీకి కుర్చీ చాలు. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ నేల మీద వెనక్కి జారిపోతుంది కాబట్టి దానిని ముందుగా గోడకు ఆనించి, పాదాలు భుజాలంత వెడల్పున ఉంచి, నడుమును వెనక్కి తోస్తూ కూర్చోబోయి, కుర్చీ తగిలీ తగలగానే మడమలను నేలకు అదిమి లేవాలి. మోకాళ్ళు నొప్పి అంటే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచితే సరిపోతుంది.

లాగే కండరాలకు, అంటే వీపుకూ రెక్కలకూ, సగం నింపిన నీళ్ళ బకెట్టు ఉపయోగపడుతుంది. నీటికి లీటరుకు కిలో చొప్పున బరువు తూగుతుంది గనుక నీళ్ళు పెంచుతూ తగ్గిస్తూ కోరిన బరువును తయారు చేసుకోవచ్చు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో బరువు తానై పెరుగుతుంది: పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి సుమారు మూడింతలవుతాడు. ఆ బిడ్డను రోజుకు ఎన్నోసార్లు ఎత్తే తల్లి నడుము వంచి ఎత్తకుండా, ఒంటికి దగ్గరగా తెచ్చుకుని మోకాళ్ళు వంచి బస్కీ పద్ధతిలో లేస్తే, నడుమునొప్పి తెచ్చిపెట్టే పనే తొడలకు సాధనగా మారుతుంది. ప్రసవం తరువాత దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలుగా పడే బాధను సిగ్గుతో మోసేవారు ఎందరో ఉన్నారు. పొత్తికడుపు అడుగున గర్భాశయాన్నీ మూత్రాశయాన్నీ మోసే కండరాల పొర సాగిపోవడం దీనికి ముఖ్య కారణం. వచ్చే మూత్రాన్ని ఆపుకుంటున్నట్లుగా ఆ కండరాలను బిగించి, అయిదు లెక్కించి వదిలే సాధనను అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చాడు. బస్సు సీటులో కూర్చుని కూడా చేయగలిగిన ఈ సాధన గురించి ప్రసూతి వార్డులలో ప్రతి తల్లికీ చెప్పి పంపాలి.

ఒళ్ళు లేవకపోవడాన్ని సోమరితనంగా పొరబడి తనను తానే తిట్టుకునే తల్లి, వ్యాయామం పెంచడానికి ముందు రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడతలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉన్నట్లు తేలింది. అంటే ఇద్దరిలో ఒకరికంటె ఎక్కువమందికి మెట్లెక్కితే వచ్చే ఆయాసం వెనుక రక్తహీనత ఉండే అవకాశం ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తంలో 12 గ్రాములకంటె తగ్గితే అది రక్తహీనత. ఈ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ హైదరాబాదు బస్తీ దవాఖానాలలోనూ డబ్బు లేకుండా చేస్తారు. శ్రమ చేసేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే సాధన ఆపి వైద్యుణ్ణి చూడాలి. రాత్రి పదకొండున్నరకు అంట్లు తోమి పడుకున్న మనిషి నాలుగింటికి లేచి కసరత్తు చేయాలన్న సలహాను ఎంత పేరున్నవారు ఇచ్చినా తోసిపుచ్చవలసిందే, ఎందుకంటే నిద్రను కోసి కొనుక్కున్న వ్యాయామం ఆకలిని పెంచి, కోపాన్ని పెంచి, ఇచ్చినదానికంటె ఎక్కువే తీసుకుంటుంది.

సమయం విడిగా దొరకనప్పుడు బిడ్డతో గడిపే సమయమే మిగిలిన దారి. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కనుక, సెల్లార్లోనో డాబా మీదనో కలిసి తొక్కుడుబిళ్ళ ఆడితే ఇద్దరి లెక్కా ఒకేసారి తీరుతుంది. ఒంటికాలి గెంతులో నేలనుంచి కాలికి తగిలే తాకిడి ఎముకలోని ఖనిజాన్ని నిలబెట్టడానికి తోడ్పడుతుంది, రుతుక్రమం ఆగిన తరువాత స్త్రీలలో వేగంగా తరిగిపోయేది ఈ ఖనిజమే. తాడాట, ఒప్పులకుప్ప, పండుగల నాటి కోలాటం కూడా ఇదే కోవలోవి. రెండు తెలుగు రాష్ట్రాలలో స్త్రీలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమయ్యాక, ఒక స్టాపు ముందే దిగి చురుకుగా నడవడం వల్ల టికెట్టు డబ్బు వృథా అయిందన్న బాధ కూడా లేదు. భార్యను కోల్పోయి పిల్లలను పెంచుకుంటున్న తండ్రులకూ వీటిలో చాలావరకు వర్తిస్తాయి. వారి సంఖ్య తక్కువ గాని వారి అలసట తక్కువ కాదు.

పిల్లల నోటి దగ్గర ముద్ద గురించి ఆలోచించవలసిన మనిషి ఒళ్ళు సాగదీసుకుంటూ కూర్చుందన్న మాట ఇరుగుపొరుగునుంచే కాదు, సొంత తల్లి నోటినుంచి కూడా రావచ్చు. ఆ ఇంటికి జీతం తెచ్చేదీ, బిడ్డకు జ్వరం వస్తే ఆస్పత్రికి మోసేదీ, ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను మెట్లెక్కించేదీ ఒకే శరీరమైనప్పుడు, ఆ శరీరం మంచాన పడితే ఆదుకునే రెండో మనిషి లేనప్పుడు, దానిని కాపాడుకోవడం పెంపకంలో భాగమే. పిల్లల సంరక్షణ గదిని, అంటే క్రెష్‌ను, 50 మంది గాని అంతకు పైబడి గాని ఉద్యోగులున్న సంస్థలు ఏర్పాటు చేయాలని 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం చెప్పింది; చిన్న దుకాణాలలో, ఇళ్ళలో పనిచేసే తల్లులకు ఆ నియమం నీడ కూడా సోకదు, వారి విషయంలో ప్రభుత్వాలు చేయవలసింది ఇంకా చాలా మిగిలి ఉంది.

ఎంత జాగ్రత్తగా అల్లుకున్న దినచర్య అయినా బిడ్డకు జ్వరం తగిలిన వారం తెగిపోతుంది. ఆ తెగడాన్ని ఓటమిగా భావించి సాధనను మొత్తంగా వదిలేసేవారు ఎక్కువ. నిజానికి ఒకటి రెండు వారాల విరామంలో కండబలం పెద్దగా తరగదు. ముందుగా తగ్గేది మెట్లెక్కే దమ్ము, అదీ మళ్ళీ మొదలుపెట్టిన కొద్ది వారాలలో తిరిగి వస్తుంది. పోయిన రోజుల లెక్కను ఒక్కరోజులో పూడ్చబోతే కండరాలు పట్టేసి మరో నాలుగు రోజులు పోతాయి కాబట్టి, తిరిగి మొదలుపెట్టే రెండు మూడు రోజులు మునుపటి లెక్కలో సగంతో సరిపెట్టుకుని, నేల మీద దండీలు తీస్తున్నవారు మళ్ళీ వంటగట్టు దగ్గరకు, వంటగట్టు దగ్గర ఉన్నవారు మళ్ళీ గోడ దగ్గరకు ఒక మెట్టు దిగి అందుకోవాలి.