మోగని మెట్లపెట్టె

మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు నాకు భయం, తరవాత అలవాటు. మిక్సీ అంతే, మైక్రోవేవ్ అంతే. ఈమధ్య వచ్చింది మాత్రం వంటింటిది కాదు. దాన్ని మిడి కంట్రోలర్ అంటారట. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దసరాకి తెచ్చి, వెళ్ళేటప్పుడు తన పాత లాప్‌టాప్‌తో సహా బీరువా మీద వదిలేసి పోయేడు. జానెడున్నర పొడుగు, నలుపూ తెలుపూ కలిపి 25 మెట్లు. చూడ్డానికి పిల్లలాడుకునే హార్మోనియంలా ఉంటుంది.

దాన్ని కిందికి దింపవలసిన అవసరం మా అత్తగారివల్ల వచ్చింది. ఆవిడకి 74 ఏళ్ళు. సాలూరు దగ్గర పల్లెటూరు పుట్టిల్లు. తలుపు దగ్గర పాటలు, నలుగు పాటలు, అప్పగింతలు, మంగళహారతులు అన్నీ నోటికే వచ్చు. పుస్తకంలో ఒక్కటీ రాసుకోలేదు. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా ఆవిడకి పిలుపు రావలసిందే.

సిరిమాను పండగ వెళ్ళిన వారం ఆవిడ మెడ మీది గడ్డ చూపించడానికి విశాఖపట్నం తీసుకెళ్ళేం. థైరాయిడ్ గడ్డ, ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టరుగారు. గొంతు నరాలు దాన్ని ఆనుకునే వెళ్తాయట. జాగ్రత్తగానే చేస్తాం గానీ కొన్నాళ్ళు గొంతు బొంగురు పోవచ్చు, కొందరికి పై స్థాయి మళ్ళీ అందకపోవచ్చు అని కూడా చెప్పేరు. గడువు మూడు వారాలు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి.

తిరుగు బస్సులో అత్తయ్యగారు ఒక్క మాటే అన్నారు: "నాకేటైతే ఏటి గానీ, పిల్ల పెళ్ళిలో పాటెవరు పాడతారే?"

ఆ రాత్రే పెట్టె దింపేను.

1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టిన ఊరు మాది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ చెప్పిన చోటు, ఘంటసాల, సుశీల చదివిన చోటు. నేనూ ఇంటరు రోజుల్లో ఒక టీచరుగారి దగ్గర ఏడాదిన్నర గాత్రం నేర్చుకున్నాను. పెళ్ళితో అది ఆగిపోయింది. శ్రుతి పట్టుకోవడం వరకూ వచ్చు, అంతే. ఆ ధైర్యంతో వైరు తగిలించి మెట్టు నొక్కేను. దీపం వెలిగింది గానీ చప్పుడు లేదు. మళ్ళీ నొక్కేను. ఊహూఁ. పాడుచేసేనేమోనని గుండె గుభేలుమంది.

అబ్బాయికి ఫోను చేస్తే నవ్వేడు. "అమ్మా, అది వాయిద్యం కాదు. దానికి గొంతు లేదు. ఏ మెట్టు నొక్కేవో, ఎంత గట్టిగా నొక్కేవో కంప్యూటరుకి చెప్తుందంతే. మోగవలసింది కంప్యూటరు" అన్నాడు. అంటే గోడ మీది స్విచ్చన్నమాట. బల్బు వేరే ఉండాలి.

ఆ బల్బు వెలగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మొదటి తప్పు వైరు. ఇంట్లో ఉన్న ఫోను ఛార్జరు వైరు పెట్టేను. కొన్ని వైర్లు కరెంటు మాత్రమే మోస్తాయి, కబురు మొయ్యవు. అందుకే దీపం వెలిగినా కంప్యూటరుకి దాని ఉనికే తెలీలేదు. డబ్బాలో వచ్చిన వైరు వెతికి పెడితే అప్పుడు గుర్తుపట్టింది.

రెండో తప్పు సాఫ్ట్‌వేరు. లాప్‌టాప్‌లో అడాసిటీ ఉంది. అది గొంతు రికార్డు చెయ్యడానికి బాగుంటుంది గానీ మిడి రికార్డు చెయ్యదు. అబ్బాయి రీపర్ అనేది దింపుకోమన్నాడు. 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, ఆ తరవాత కొనుక్కోవాలి. పెట్టె ముందు తగిలించి, ఆ తరవాతే దాన్ని తెరవాలి. ప్రిఫరెన్సెస్‌లో మిడి అన్నచోట మన పెట్టె పేరు కనిపిస్తే, దాన్ని వాడడానికి అనుమతి ఇవ్వాలి. తరవాత ఒక ట్రాక్ తెరిచి, అందులో వాయిద్యం ఒకటి పెట్టి, ట్రాక్ మీది ఎర్ర బొత్తాం నొక్కాలి. ఈ మూడింట్లో ఏది మరిచిపోయినా మళ్ళీ మౌనవ్రతమే.

మూడోది ఆలస్యం. మెట్టు ఇప్పుడు నొక్కితే శబ్దం కాస్సేపాగి వచ్చేది. బఫర్ అని ఒక అంకె ఉంటుంది. అది 1024 ఉంటే బిందె నిండేదాకా ఆగి నీళ్ళు మోసినట్టు. 128కి తగ్గిస్తే చెంబుతో వెంటవెంటనే పోసినట్టు. మరీ తగ్గిస్తే పాత కంప్యూటరు అందుకోలేక చిటపటలాడుతుంది. మా దానికి 256 కుదిరింది.

అయిదో రోజు అత్తయ్యగారిని కూర్చోబెట్టి, సా, పా, పై సా పట్టి శ్రుతి పెట్టేను. ఆవిడది నాలుగు శ్రుతి. "ఏటమ్మా ఇదీ, అరిచెయ్యంత లేదు, ఎంత గొంతు!" అని మురిసిపోయేరు.

పరుపులూ బొంతలూ ఉండే గదిలో గొంతు గింగురుమనదని అక్కడే పాడించేను. ఫ్యాను ఆపేసి, మడిచిన తువ్వాలు మీద నా ఫోను పెట్టి, శ్రుతి ఆవిడ ఒక చెవిలోకి మాత్రమే వినబడేలా ఇయర్‌ఫోను పెట్టేను. లేకపోతే శ్రుతి కూడా గొంతుతో కలిసిపోతుంది. రోజుకి రెండు పాటలు. ఫోనులోది తెచ్చి లాప్‌టాప్‌లో శ్రుతి పక్కన పెట్టేదాన్ని.

ఆ పాటల వరసలు కూడా మెట్ల మీద వాయించి పెట్టేను. అక్కడ అతితెలివికి పోయేను. క్వాంటైజ్ అని ఒకటుంది. వాయించిన ప్రతి స్వరాన్నీ లెక్కప్రకారం తాళంలో కూర్చోబెడుతుంది. నా తడబాటు పోతుందని అది నొక్కేను. అత్తయ్యగారు విని, "ఇది నా పాట కాదమ్మా. నడక ఉండాల, ఇది బళ్ళో ఎక్కాలప్పజెప్పినట్టుంది" అన్నారు. నిజమే. ఆవిడ ఒక చోట కొంచెం ఆగుతారు, ఒక చోట ముందే అందుకుంటారు. ఆ ఆగడంలోనే పాటుంది. వెంటనే మార్చేసేను. గమకం సంగతీ అంతే. బొబ్బిలి వీణకి 24 మెట్లు, దీనికి 25. కానీ వీణ మీద తీగ లాగితే స్వరం వంగుతుంది. ఇక్కడ పక్కనున్న పుల్లలాంటిది తిప్పితే కొంచెం వంగుతుంది గానీ, ఆవిడ గొంతులో వంపు దానికి రాదు.

అప్పుడర్థమైంది నాకు, గొంతు రికార్డు వండిన కూర అని, మిడి వంట రాసుకున్న చీటీ అని. కూరకి రుచి ఉంటుంది. కానీ ఉప్పెక్కువైతే ఏం చెయ్యగలం? చీటీకి రుచి లేదు. కానీ మనుషుల్నిబట్టి, ఒంటినిబట్టి కొలత మార్చుకోవచ్చు. ఈ పద్ధతి 1983 నుంచీ ఉందట. నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మూడు వారాల్లో 31 పాటలయ్యేయి. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ గొంతు బొంగురుపోయింది. నెల దాటేక మాట స్పష్టంగా వచ్చింది, పాట రాలేదు. పై స్థాయికి వెళ్ళేసరికి గాలే వచ్చేది. ఒకరోజు తన పాత పాట వినిపించమని అడిగేరు. వినిపించేను. విన్నంతసేపూ గోడకేసి తిరిగి ఉన్నారు. "అది పాడిన మనిషి పోయిందే" అన్నారు. మంచి చేస్తున్నాననుకుని ఎంత బాధపెట్టేనో అనుకున్నాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. కూరని మార్చలేను, చీటీని మార్చగలను కదా! లేచి లాప్‌టాప్ తెరిచి, నేను వాయించిన శ్రుతి, వరసలు అన్నీ ఎంచి, నల్లమెట్లతో కలిపి మూడు మెట్లు కిందికి దింపేను. నాలుగు శ్రుతి రెండయింది. నడక మారలేదు, వేగం మారలేదు. పొద్దున్న కాఫీ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పెట్టేను. ఆవిడ కాస్సేపు విన్నారు. పెదవులు కదిలేయి. తరవాత సన్నగా, గరగరలాడుతూ, పాట వచ్చింది. పై చరణంలో ఒకచోట తెగింది. మళ్ళీ అందుకున్నారు.

పెళ్ళిలో తలుపు దగ్గర పాట ఆవిడే పాడేరు, రెండు శ్రుతిలో. తెగిన చోట మా అమ్మాయి అందుకుంది. వధువు తనే పాడడమేమిటని వియ్యాలవారు నవ్వేరు. నవ్వనివ్వండి. ఆ పిల్ల ఆ పాటలు నేర్చుకున్నది అత్తయ్యగారి పాత గొంతు విని, కొత్త శ్రుతిలో.

మీ ఇళ్ళల్లోనూ పాడే పెద్దవాళ్ళుంటారు. మిడి పెట్టె లేకపోయినా ఫోను ఉంటుంది. ఈ వారమే ఒక పాట పాడించండి. పెట్టె ఉంటే శ్రుతి కూడా విడిగా దాచండి. రేపు వాళ్ళ గొంతు దిగితే, మనమూ దిగి వాళ్ళతో పాడొచ్చు.